దగ్గుతూ నడిచే మనిషి

‘హైపర్ లైట్ డ్రిఫ్టర్’ అనే వీడియో గేమ్‌లో కథానాయకుడు రోగి. అతనికి పేరు లేదు. తిరిగే మనిషి కాబట్టి ఆడేవాళ్లంతా డ్రిఫ్టర్ అనే పిలుస్తారు. ఎర్రటి పైబట్ట, ముఖాన్ని కప్పేసిన శిరస్త్రాణం, చేతిలో మెరిసే కత్తి. వీరుడికి కావలసిన సరంజామా అంతా ఉంది. కానీ ఆట మొదలైన కాసేపటికే దగ్గుతెర వచ్చి కూలబడతాడు, నెత్తురు కక్కుతాడు. మళ్లీ లేచి నడుస్తాడు. ఆ జబ్బేమిటో, ఎప్పటినుంచి ఉందో, ఎందుకు వచ్చిందో మనకు ఎవరూ చెప్పరు. నాకు ఈ గేమ్ మీద గౌరవం కలిగింది అక్కడే.

అసలు ఇందులో ఎవరూ ఏమీ చెప్పరు. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో తెలిపే సూచనలూ మెనూలోని మాటలూ పక్కనపెడితే, ఆట మొత్తంలో సంభాషణ అన్నదే లేదు. ఊళ్లో ఎవరి దగ్గరికైనా వెళ్లి పలకరిస్తే ఒక బొమ్మ తెరుచుకుంటుంది. దాని వెనకే ఇంకొకటి. అలా కొన్ని బొమ్మల్లో తమకు జరిగింది చూపించి ఊరుకుంటారు. నేను అంతకుముందు ఆడిన గేముల్లో చాలావరకు తెర అడుగున ఇంగ్లీషు వాక్యాలు పరిగెడుతుండేవి, వాటిని అందుకోవడంతోనే సరిపోయేది. ఇక్కడ కాకినాడలో కూర్చున్న నాకూ, అమెరికాలో కూర్చున్న ఆటగాడికీ ఒకటే దారి: కళ్లు పెట్టి చూడాలి. అక్కడక్కడ రాతిఫలకాల మీద వింత లిపి ఉంటుంది. దాన్ని చదివే కిటుకును పట్టుదల ఉన్న ఆటగాళ్లు కనిపెట్టారు. నేను ఆ జోలికి పోలేదు. పోకపోయినా కథ అందింది.

దీన్ని తలపెట్టింది అలెక్స్ ప్రెస్టన్ అనే అమెరికన్ చిత్రకారుడు. అతనికి పుట్టుకతోనే గుండె జబ్బు. చిన్నప్పటినుంచీ ఆస్పత్రులతో పరిచయం. తన సంస్థకు ‘హార్ట్ మెషీన్’ అని పేరు పెట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆడిన పాత జెల్డా, ఆ తర్వాతి డయాబ్లో వంటి ఆటల రుచి ఇందులో కనిపిస్తుంది. మియజాకి తీసిన యానిమేషన్ చిత్రం ‘నౌసికా’ చూసినవాళ్లు ఈ ప్రపంచంలోని మహాకాయుల్ని చూడగానే గుర్తుపడతారు. 2013లో చందాలు సేకరించే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో 27 వేల డాలర్లు కావాలని జనాన్ని అడిగితే 6 లక్షల 40 వేలు దాటి వచ్చిపడ్డాయి. డబ్బుతోపాటు పనీ పెరిగింది, చిన్న బృందం తయారైంది. 2014లో రావలసిన గేమ్ చివరికి 2016 మార్చి 31న విడుదలైంది. తన జబ్బుతో తాను బతికిన అనుభవమే ఈ ఆటకు మూలమని ప్రెస్టన్ దాచుకోలేదు. అయితే ఆ సంగతి తెలియకుండా ఆడినా నష్టం లేదు. నేను ముందు ఆడాను, తర్వాత తెలుసుకున్నాను. తెలిశాక ఆశ్చర్యం వేయలేదు. గుండె పట్టేసిన మనిషి ఎలా నిలబడతాడో దగ్గరనుంచి ఎరిగినవాళ్లే ఆ బొమ్మను అలా కదిలించగలరు.

నడిమధ్యన ఒక ఊరు, దాని చుట్టూ నాలుగు దిక్కులు. ఇదే మొత్తం ప్రపంచం. ఎప్పుడో జరిగిన మహావినాశనం తాలూకు శిథిలాలు అంతటా పరుచుకుని ఉంటాయి. కొండల్లోనూ నీళ్లలోనూ మహాకాయుల అస్థిపంజరాలు పడి ఉంటాయి, వాటి పక్కనుంచే మనం చీమల్లా నడిచిపోతాం. తూర్పున నీళ్ల ప్రాంతం. అక్కడి నీటికుక్కల జాతిని కప్పమూకలు ఊచకోత కోశాయి. ఇది కూడా ఎవరూ చెప్పరు. నడుస్తుంటే ఒడ్డున శవాలు కనిపిస్తాయి, బతికి బయటపడ్డవాడు బొమ్మల్లో మిగతాది చూపిస్తాడు. పశ్చిమాన గులాబీరంగు స్ఫటికాలు ముంచేసిన అడవి. ఆ స్ఫటికాల్లో ఇరుక్కుని గడ్డకట్టిపోయిన సైనికులు, ఎత్తిన చేతులు ఎత్తినట్టే. ఉత్తరాన మంచుకొండల మీద పక్షిజాతి, వాళ్ల నెత్తిన కూర్చున్న క్రూరమైన పూజారి. ఈ మూడు దిక్కులూ అయ్యాకే దక్షిణం తలుపు తెరుచుకుంటుంది.

పశ్చిమపు అడవిలో నేను చాలాసేపు ఉండిపోయాను. చేయవలసిన పని అయిపోయాక కూడా అక్కడక్కడే తిరిగాను. తెర మీద ఉన్నవి చిన్న చిన్న రంగు గళ్లు మాత్రమే. మనిషి మొత్తం కలిపితే బొటనవేలి గోరంత. ముఖాలు లేవు. అయినా ఒక సైనికుడు ఇంకొకణ్ని లాగుతూ ఉండగా స్ఫటికం పట్టేసిందని ఆ వంగిన తీరులోనే తెలుస్తుంది. గాలికి గడ్డి కదులుతుంది, దూరంగా ఏదో సన్నగా మోగుతుంది. అంత అందమైన చోట అంత చావు ఉందని నెమ్మదిగా కంటికి ఆనుతుంది. ఈ నెమ్మదే దీని గొప్పదనం. తొందరపడి దాటిపోయేవాడికి అది రంగురంగుల అడవి. ఆగి చూసేవాడికి శ్మశానం.

పోరాటాల దగ్గరికి వస్తే గేమ్ కనికరం చూపదు. డ్రిఫ్టర్ ఒంట్లో ఉన్నది ఐదు దెబ్బల సత్తువ. వెంట తీసుకెళ్లగల మందు పొట్లాలు కొద్దే. పైగా మందు వాడాలంటే ఒక్క క్షణం కదలకుండా నిలబడాలి, ఆ క్షణంలో ఎవడైనా కొట్టొచ్చు. అంటే ఆడేవాడు కొట్లాట మధ్యలో చూసుకోవలసింది శత్రువు మీద దెబ్బ వేసే సందు ఒక్కటే కాదు, తాను కాస్త కుదురుకునే సందు కూడా. తుపాకీ ఉంది కానీ దూరంగా నక్కి కాలుస్తూ కూర్చోవడం కుదరదు. గుళ్లు అయిపోతే మళ్లీ నిండేది కత్తితో కొట్టినప్పుడే. కాబట్టి దగ్గరికి వెళ్లక తప్పదు. ఒంట్లో బలం లేని మనిషి ప్రమాదానికి దగ్గరగా వెళ్లి, చటుక్కున వెనక్కి వచ్చి, గుక్క తిప్పుకుని, మళ్లీ వెళ్లాలి. ఈ లెక్క అంతా వేళ్లకు పట్టేసరికి డ్రిఫ్టర్ ఊపిరి మన ఊపిరి అవుతుంది.

నాకు ఈ గేమ్‌ను పరిచయం చేసింది మా పిన్ని కొడుకు. వాడు గుండెలో రంధ్రంతో పుట్టాడు. పసితనంలోనే ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. అయినా మెట్లెక్కితే ఆయాసం, ఏటేటా పరీక్షలు. చుట్టాలెవరు కలిసినా వాడితో మొదటి మాట “ఒంట్లో ఎలా ఉందిరా?” అని. రెండో మాట “మందులు వేసుకుంటున్నావా?” అని. ప్రేమతోనే అడుగుతారు. వాడూ మర్యాదగానే జవాబు చెప్పి, మెల్లగా లేచి లోపలికి పోతాడు.

ఆటలో డ్రిఫ్టర్ ఒక్క ఉదుటున ముందుకు దూసుకుపోగలడు. ఊళ్లోని ఒక దుకాణంలో ఆ దూకుడును ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసే విద్య దొరుకుతుంది. నేర్చుకుంటే గదిని మెరుపులా చుట్టేయొచ్చు. బటన్ గబగబా నొక్కితే మాత్రం రెండడుగుల్లో ఆగిపోతాడు. నేను అలా నొక్కుతుంటే తమ్ముడు చూసి, “అక్కా, వేళ్లు వదులు చెయ్యి. కళ్లతో చూసి నొక్కకు, చెవితో విను” అన్నాడు. ప్రతి దూకుడుకూ ఒక చప్పుడు ఉంది. ఆ చప్పుడు అయీ అవగానే నొక్కాలి. తాడాటలో తాడు నేలను తాకే చప్పుడు విని ఎగిరినట్టు. వాడి వేళ్లు కదలడం గమనించాను. ఒక్కటంటే ఒక్క నొక్కు కూడా వృథా చేయడు. అవసరమైనంత బలమే వాడటం, అది కూడా అదునులో వాడటం వాడికి ఎవరూ నేర్పనక్కర్లేదనిపించింది. పుట్టినప్పటినుంచీ వాడు చేస్తున్నది అదే.

ఆ సాయంత్రం వాడి గురించి నాకు తెలిసినంత, అన్నేళ్ల పలకరింపుల్లో తెలియలేదు. డ్రిఫ్టర్ దగ్గినప్పుడు వాడు తెర మీంచి కళ్లు తిప్పుకోలేదు, ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. అడగకుండా ఉండటం చేతకావాలంటే చూడటం చేతకావాలని ఈ గేమ్ వల్ల నాకు బోధపడింది. ఏ మాటా వినిపించని లోకంలో తిరిగీ తిరిగీ, ఒడ్డున పడి ఉన్న ఒక శవం పడిన దిక్కునుబట్టి అతను ఎటు పారిపోతున్నాడో ఊహించడం అలవాటైంది. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డున నడుస్తుంటే తమ్ముడు ఆగి పడవలు చూస్తాడు. ఎందుకు ఆగాడో నాకు తెలుసు. నేనూ ఆగి పడవలు చూస్తాను. కాసేపటికి వాడే బయల్దేరతాడు.

సంగీతం గురించి చెప్పకుండా ఈ గేమ్ గురించి మాట్లాడటం అన్యాయం. డిజాస్టర్‌పీస్ అన్న పేరుతో పనిచేసే రిచ్ వ్రీలాండ్ దీనికి స్వరకర్త. 2012లో వచ్చిన ‘ఫెజ్’ గేమ్‌కూ, 2014 నాటి ‘ఇట్ ఫాలోస్’ అనే భయానక చిత్రానికీ సంగీతం ఇచ్చింది కూడా ఇతనే. ఇక్కడ వీరరసం పొంగించే డప్పుల మోత తక్కువ. సింథసైజర్ స్వరాలు మబ్బుల్లా వచ్చి, పూర్తిగా తేలకుండానే కరిగిపోతాయి. కొన్నిచోట్ల ఉట్టి గాలి చప్పుడే ఉంటుంది. శత్రువులంతా పడిపోయాక మిగిలే నిశ్శబ్దంలో గెలిచామన్న సంబరం ఉండదు. ఇంకో గదికి నడవాలన్న సంగతే ఉంటుంది. చిన్న స్పీకర్లలో ఇందులో సగం వినపడదు. హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పటం ఉంది కానీ అది మనం ఎక్కడున్నామో సుమారుగా చెప్పి వదిలేస్తుంది. వెళ్లవలసిన చోటు కనబడుతున్నా దారి ఎక్కడ మొదలవుతుందో తెలియక నేను విసిగిపోయిన పూటలు ఉన్నాయి. గోడల వెనక దాచిన దారుల్లో కొన్నింటికి సరైన ఆనవాలు ఉండదు, గోడనంతా తడుముకుంటూ పోవలసిందే. దాన్ని నేను లోతు అనను, మొండితనం అంటాను. ఉత్తరపు కొండకు పోయే మెట్లు మరీ ఎక్కువ. మాటలు లేకపోవడాన్ని కొందరు విమర్శించారు, కథ అర్థం కాలేదన్నారు. ఆ విమర్శను మాత్రం నేను ఒప్పుకోను. ఎవరు ఎవర్ని చంపారో, ఎవరు మిగిలారో, మిగిలినవాళ్లు ఎలా బతుకుతున్నారో స్పష్టంగానే ఉంది. తెలియనిదల్లా లోకం ఎలా కూలిందన్న పాత చరిత్ర వివరాలు. ఊళ్లో బతికేవాళ్లకు కూడా అవి అంతే తెలుసు.

ముగింపు ముందుగా తెలుసుకోవడం ఇష్టంలేనివాళ్లు ఈ పేరా దాటేయండి. దక్షిణం కూడా అయ్యాక, ఊరి కింద పాతాళంలో డ్రిఫ్టర్‌ను కలల్లో వెంటాడిన నల్లటి ఆకారం ఎదురవుతుంది. దాన్ని గెలిస్తే, అక్కడ కాపాడి ఉంచిన అమరత్వపు బీజం దక్కుతుందని ఆటంతా మనం ఆశపడుతూనే ఉంటాం. ఇంత కష్టపడ్డాడు కదా, జబ్బు నయం కావాలి కదా. కాదు. అది అతని చేతికి రాదు, నాశనమవుతుంది. డ్రిఫ్టర్ ఒక నిప్పు దగ్గర కూర్చుని అక్కడే ఒరిగిపోతాడు. అది చూసి నాకు కోపం రాలేదు. నయమైతేనే బతుకు సఫలం అన్నట్టు మన సినిమాలూ సీరియళ్లూ రోగుల కథల్ని నడుపుతాయి. ఆఖరి నిమిషంలో డాక్టరు కళ్లజోడు తీసి నవ్వాలి, లేదా తల అడ్డంగా ఊపాలి. డ్రిఫ్టర్ కథలో రోగం తగ్గడం, తగ్గకపోవడం ముఖ్యం కాలేదు. తను పోయినా ఆ నల్లటి పీడ ఊరిని వదిలింది. అతను నడిచిన నాలుగు దిక్కులూ, కొట్టిన ప్రతి దెబ్బా, చూసిన ప్రతి శవమూ జబ్బుతో ఉండగా చేసినవే. ఆ బతుకు పూర్తిగా అతనిది. తమ్ముడు ఈ ముగింపు దగ్గర ఒక్క మాట అన్నాడు: “వాడు ఎక్కడా ఎవరికీ చెప్పుకోలేదు, చూశావా అక్కా.” అంతకుమించి మేం దాని గురించి మాట్లాడుకోలేదు.

హార్ట్ మెషీన్ ఆ తర్వాత 2021లో ‘సోలార్ యాష్’ తెచ్చింది, ఇంకా పెద్ద హంగులతో. నా మట్టుకు మొదటిదే మిన్న. మొదట కంప్యూటర్ల మీద వచ్చిన ‘హైపర్ లైట్ డ్రిఫ్టర్’ ఇప్పుడు చాలా గేమింగ్ యంత్రాల మీద దొరుకుతోంది. పెద్ద ఖరీదైన కంప్యూటర్ ఏమీ అక్కర్లేదు, కానీ కీబోర్డు కంటే కంట్రోలర్‌తో ఆడటం సుఖం. మొదట తూర్పుకు వెళ్లండి, ఉత్తరం తర్వాత చూసుకోవచ్చు. చిన్నపిల్లలకు వద్దు, నెత్తురూ శవాలూ బాగా ఉంటాయి. పదో తరగతి దాటినవాళ్లకైతే నిస్సంకోచంగా ఇవ్వండి. ఇచ్చాక లేచిపోకుండా వాళ్ల పక్కన కూర్చుని చూడండి. దారి తప్పినా చెప్పకండి, వాళ్లే వెతుక్కుంటారు.