పొద్దున్నే వణికే ఇంజను

రోజుకి ఒక్కసారే, అదీ తెల్లవారుజామున రెండు నిమిషాలు మాత్రమే కనబడే బగ్గు మీకెప్పుడైనా తగిలిందా? మన ఆఫీసుల్లో అయితే అలాంటిదాన్ని "నాట్ రీప్రొడ్యూసిబుల్" అని రాసేసి టికెట్టు మూసేస్తాం. కార్ల సర్వీసు సెంటర్లో "మా దగ్గర బానే ఉంది సార్" అంటారు. రెండూ ఒకటే జాతి.

నాది 2014 మోడలు పెట్రోలు బండి, సెకండ్ హ్యాండుది. నవంబరు దాకా కిక్కురుమనకుండా నడిచింది. డిసెంబర్లో హైదరాబాదు పొద్దులు 18 డిగ్రీలకి దిగాయో లేదో, మొదలైంది. స్టార్టవడం బుద్ధిగా ఒక్క తిప్పుకే అవుతుంది. ఆ వెంటనే వణుకు. చల్లటి ఇంజను 1200 ఆర్పీఎం పైన నిలకడగా తిరగాలి కదా, ఇది 900కీ 500కీ మధ్య ఊగుతుంది. గేరేసి క్లచ్ వదిలితే టప్పున ఆగిపోతుంది. రెండు నిమిషాలు పోయాక మాత్రం ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది.

రెండు నిమిషాలు ఆగి బయల్దేరొచ్చు కదా అంటారేమో. వారంలో నాలుగు రోజులు అదే చేసేవాణ్ణి. మంగళ, గురు, శనివారాలు మాత్రం నాన్నకి డయాలసిస్. ఆరింటి స్లాటు. మనం అరగంట లేటైతే మిషను మీద ఆ అరగంటా తగ్గిపోతుంది, ఎందుకంటే మన తర్వాత స్లాటు వాళ్ళు అప్పటికే బయట కుర్చీలో కూర్చుని ఉంటారు. సెల్లారు ర్యాంపు మధ్యలో బండి ఆగి, నాన్నతో సహా వెనక్కి జారడం రెండుసార్లయింది. రెండోసారి అయ్యాక "నేను ఆటోలో పోతాలేరా" అనడం మొదలెట్టారు. నాలుగ్గంటలు మిషను మీద ఉండి బయటికొచ్చే మనిషి ఎలా ఉంటారో చూసినవాళ్ళకి ఆ మాట ఎక్కడ తగులుతుందో నేను చెప్పక్కర్లేదు.

సరే, సర్వీసు సెంటరు. శనివారం మధ్యాహ్నం, నలభై నిమిషాల ట్రాఫిక్కులో నడిపి తీసుకెళ్తే ఇంజను వేడిగా, ముద్దొచ్చేలా తిరుగుతోంది. స్కానర్ పెట్టారు, కోడ్లేమీ లేవు. అయినా ఎస్టిమేటు మాత్రం వచ్చింది: ప్లగ్గులు, కాయిళ్ళు, ఇంజెక్టర్ క్లీనింగు, థ్రాటిల్ బాడీ క్లీనింగు, మొత్తం 23,400. "ఇంతకీ దేనివల్ల అంటారు?" అనడిగితే "ఇవన్నీ చేస్తే పోతుంది సార్" అన్నాడు అడ్వైజరు. రాత్రంతా అక్కడే ఉంచి పొద్దున్నే స్టార్ట్ చేసి చూడండని బతిమాలి వదిలొచ్చాను. ఎనిమిదింటికి ఎవరో కుర్రాడు వాషింగుకి తీశాడట, పదింటికి టెస్ట్ చేశారట. "బానే ఉంది సార్."

నాకు వీళ్ళ మీద కంటే ఆ పద్ధతి మీద కోపం. కారణం తెలీకుండా నాలుగు పార్టులు మార్చడం రిపేరు ఎలా అవుతుంది? ప్రొడక్షన్లో నాలుగు మార్పులు ఒకేసారి తోసేసి, ఏది పనిచేసిందో తెలీకుండానే పండగ చేసుకోవడం లాంటిదది. పైగా ఈ బగ్గుకి రోజుకి ఒక్కటే ఛాన్సు. ఇంజను బయటి గాలంత చల్లగా అవ్వాలంటే ఏడెనిమిది గంటలు కదలకుండా ఉండాలి. ఒక్కసారి స్టార్ట్ చేశామా, ఆరోజు ప్రయోగం అయిపోయినట్టే. కాబట్టి ఒక్కో పొద్దున ఒక్కటే మార్చి చూడాలి.

మూసాపేటలో మా కొలీగ్ చెప్పిన మెకానిక్ ఉన్నాడు. ఆదివారం పొద్దున్నే మా సెల్లారుకే వచ్చాడు. కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ చుట్టూ కొట్టి చూశాడు (మీరు చేయకండి, మంటలు లేచే సరుకు అది). ఎక్కడైనా గాలి లీకవుతుంటే అక్కడ కొట్టగానే ఇంజను చప్పుడు మారాలి. మారలేదు. తర్వాత ప్లగ్గులు తీసి వరసగా పేపరు మీద పెట్టాడు. "నాలుగూ ఒకటే రంగున్నయ్ అన్నా. ఒక్క సిలిండర్ పంచాయితీ కాదిది." ఆ ఒక్క మాటతో కాయిళ్ళ మీద అనుమానం చాలావరకు పోయింది. కాయిల్ పోతే ఒక సిలిండర్ పోతుంది గానీ నాలుగూ ఒకేసారి, అదీ పొద్దున్నే పోవు.

అసలు దారి చూపించింది నాన్న. పక్క సీట్లో కూర్చుని వింటూ "చోక్ లాగని చేతక్‌లా కొట్టుకుంటోందిరా ఇది" అన్నారు. ఆయన ఇరవయ్యేళ్ళు ఆ స్కూటరే నడిపారు. ఆలోచిస్తే అక్షరాలా నిజం. చల్లటి ఇంజన్లో పెట్రోలు సరిగ్గా ఆవిరవదు, కొంత గోడలకి అంటుకుని ఉండిపోతుంది. అందుకే కాసేపు ఎక్కువ పోయాలి. చేతక్‌లో ఆ పని చోక్ చేసేది, ఇప్పుడు ఈసీయూ చేస్తుంది. ఎంత ఎక్కువ పోయాలో దానికి ఎలా తెలుస్తుంది? కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చెప్తుంది.

మర్నాడు వెయ్యి రూపాయల్లోపు దొరికే ఓబీడీ డాంగిల్ తగిలించి, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మాత్రమే చూశాను. రాత్రంతా నిలబడిన బండిలో లోపలికొచ్చే గాలి, కూలెంటు రెండూ ఒకే ఉష్ణోగ్రత చూపించాలి. గాలి 18. కూలెంటు 40! అంటే ఈసీయూ దృష్టిలో ఇంజను అప్పటికే సగం వేడెక్కి ఉంది, దానికి తగ్గట్టు పెట్రోలు తక్కువ పోస్తోంది.

మరి చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలగలేదంటారా? వైరు తెగితే రీడింగు మైనస్ 40కి పోతుంది, అప్పుడు ఈసీయూ వెంటనే పట్టుకుంటుంది. 40 డిగ్రీలు అనేది చక్కటి, చెల్లుబాటయ్యే విలువ. నల్ వస్తే అందరం పట్టుకుంటాం, ఫార్మాట్ సరిగ్గా ఉన్న అబద్ధం వస్తేనే కష్టం.

నాకు బాగా నచ్చిన భాగం ఇప్పుడొస్తుంది. వేడెక్కాక ఎందుకు సర్దుకుంటోంది? ఈ సెన్సర్ వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్సు తగ్గే రకం. నా బండిలో ఉన్నలాంటిది 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 320. కనెక్టరుకి తుప్పు పట్టి రెసిస్టెన్సు సిరీస్‌లో కలిసిందనుకోండి, ఓ వెయ్యి ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు 2500 కాస్తా 3500 అవుతుంది, రీడింగు కొంచెం తగ్గుతుంది. వేడిలో మాత్రం 320 కాస్తా 1320 అయి కొంప మునుగుతుంది. నా లక్షణం దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. అదే సెన్సరుకి ప్యారలల్‌గా ఓ 2200 ఓమ్‌ల దొంగదారి ఏర్పడితే? చల్లటప్పుడు 2500 దాదాపు 1170కి పడిపోతుంది, అంటే 40 డిగ్రీలు. వేడిలో 320 కాస్తా 280, అంటే ఓ ఐదు డిగ్రీల తేడా. ఎవరికీ తెలియదు. ఇంటర్ ఫిజిక్సు ఇన్నేళ్ళకి అన్నం పెట్టింది.

తర్వాతి పొద్దున కనెక్టర్ పీకి మల్టీమీటర్ నేరుగా సెన్సరు మీద పెట్టాను. 1210. కొత్త సెన్సరు అదే సెల్లార్లో, అదే గాలిలో 2700. వైరింగు నిర్దోషి, సెన్సరే దోషి. లోపల తేమ చేరిందని నా అనుమానం, కోసి చూడలేదు. కొత్తది 650 రూపాయలు. చల్లటి ఇంజను మీద మెకానిక్కే మార్చి, కారిన కూలెంటు నింపి, గాలి బయటికి తీసి 300 తీసుకున్నాడు. మర్నాడు ముల్లు 1250 మీద కదలకుండా నిలబడి, నెమ్మదిగా 750కి దిగింది. ఆరోజు గురువారం. ర్యాంపు ఒక్క ఊపులో ఎక్కింది, ఆటో ప్రస్తావన మళ్ళీ రాలేదు.

అన్నట్టు, మా అపార్టుమెంటులో అందరి తీర్పూ ఒకటే: "ఈ20 పెట్రోలు వల్లే." 2025లో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరినప్పటి నుంచి బండికి జలుబు చేసినా అదే కారణం. పూర్తిగా కొట్టిపారేయను. ఇథనాల్ ఆవిరవ్వడానికి ఎక్కువ వేడి కావాలి, పరిమాణం కూడా కొంచెం ఎక్కువ పోయాలి. నా బండి వేడెక్కాక ఫ్యూయల్ ట్రిమ్ ఐడిల్లోనూ, 2500 ఆర్పీఎం దగ్గరా +6 దగ్గరే ఉంది, అది ఇథనాల్ సంతకమే కావచ్చు. గాలి లీకై ఉంటే ఐడిల్లో బాగా ఎక్కువుండి, 2500 దగ్గర తగ్గేది (ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బళ్ళకే ఈ లెక్క, మ్యాప్ సెన్సర్ బళ్ళకి చెల్లదు). సెన్సరు అబద్ధానికి ఉన్న కాస్త మార్జిన్నీ ఈ20 తినేసి ఉండొచ్చు. కానీ సెన్సరు మార్చాక అదే బంకు పెట్రోలుతో వణుకు పోయింది మరి.

మీ బండి పొద్దున్నే వణికితే, ఎస్టిమేటు మీద సంతకం పెట్టేముందు తాళం ఆన్ చేసి ఆ రెండు అంకెలూ చూడండి. రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే పట్టించుకోకండి. పది దాటితే మల్టీమీటర్ తీయండి.