సారపాక నుంచి పాపికొండల దాకా

పాపికొండలు చూడాలంటే చాలామంది రాజమండ్రి వైపు నుంచే వెళ్తారు. నన్నడిగితే సారపాక నుంచి బయల్దేరాలి. ఇటుగా వెళ్తే కొండల కన్నా ముందు గోదారి గట్టున బతికే ఊళ్లు కనిపిస్తాయి.

ఫాల్గుణ మాసం. సారపాకలో పొద్దున్నే కాగితం మిల్లుకు పోయే జామాయిల్ దుంగల లారీలు బారులు తీరాయి. 1965 నాటి వంతెన ఎక్కితే కింద నీళ్లకన్నా ఇసుక మేటలే ఎక్కువ. భద్రాచలం దాటగానే ఎటపాక, అంటే ఆంధ్రప్రదేశ్. పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను 2014లో అటు కలిపేశారు.

అక్కణ్నుంచి దారంతా ఎండిన నేల. ఆకు రాల్చిన టేకు చెట్లు, మధ్యమధ్య నిప్పంటుకున్నట్టు మోదుగలు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. కారు అద్దం దించితే ఘాటుకు దగ్గొచ్చింది.

కూనవరంలో ఆగాం. ఒడిశా కొండల్లో కొలాబ్‌గా పుట్టిన శబరి ఇక్కడే గోదావరిలో కలుస్తుంది. ఓ పెంకుటింటి గోడ మీద వరద బురద చార నా తలకన్నా ఎత్తున ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అరుగు మీది పెద్దమ్మను అడిగాను, అంత నీరు ఎలా వచ్చిందని.

"గోదారి నిండుగా ఉంటే శబరి ఎటు పోద్ది బాబూ? ఎనక్కి తన్ని మా మీదికే వస్తది."

శబరి వంతెన దాటి, వర రామచంద్రాపురం మీదుగా పోచవరం రేవు చేరి లాంచీ ఎక్కాం. భద్రాచలం దగ్గర అంత విశాలంగా పరుచుకున్న నది ఇక్కడ రెండు కొండల నడుమ ఒదిగిపోతుంది. తూర్పు కనుమలను కోసుకుంటూ తానే చేసుకున్న దారి ఇది. ఒక మలుపు తిరిగేసరికి ముందు దారి మూసుకుపోయినట్టే ఉంటుంది, దగ్గరికెళ్లాక కొండలు పక్కకు జరుగుతాయి. మాటలు ఆపి చూడాల్సిన చోటు.

లాంచీ ఆగిన పేరంటాలపల్లిలో, గుడి దగ్గర ఒక కొండరెడ్డి తెగ పెద్దాయన వెదురు బద్దను కత్తితో సన్నగా చీరుతున్నాడు. పొర తెగిపోకుండా మొదలు దగ్గర ఆపి, మళ్లీ ఇంకో పొర. కాసేపటికి అది పువ్వయింది. పోలవరంలో పూర్తి మట్టానికి, అంటే 45.72 మీటర్లకు, నీళ్లు నిలిపితే మేం దాటొచ్చిన ఊళ్లు చాలావరకు మునుగుతాయి. పునరావాస కాలనీకి వెళ్తారా అని అడిగితే ఆయన కత్తి ఆపలేదు.

"ఇల్లు ఇస్తారంట అయ్యా. వెదురు ఎక్కడ కొట్టుకోవాలి?"