కళ్లంలో టైమ్ మెషీన్

ఈసారి పురుగుమందుల గురించి కాదు, రేటు గురించి కూడా కాదు. అంటే చివర్లో రేటు వస్తది, మిర్చి రైతు ఏం మాట్లాడినా అక్కడికే పోతాడు కదా. ఈ రోజు నాకున్న ఒక చెడ్డ అలవాటు చెప్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

నేను టైమ్ మెషీన్ సినిమాలు చూస్తాను. పెద్ద హీరోలవి, వందల కోట్లవి కాదు. చిన్నవి, డబ్బుల్లేకుండా తీసినవి. మెషీన్ అని చూపిస్తే మన ఇంటి ఫ్రిజ్జుకి పది వైర్లు చుట్టినట్టు ఉంటది, అలాంటివి. రాత్రిపూట కళ్లంలో కాపలా పడుకుంటాం కదా, కాయలు ఆరినన్నాళ్లూ మంచం అక్కడే. పట్టాలు కప్పేసి, దోమతెరలో దూరి, ఫోను పొట్ట మీద పెట్టుకొని చూస్తాను. పక్క కళ్లం బాబాయి ఎవరన్నా వచ్చి "ఏందిరా చూస్తన్నావ్" అంటే "మార్కెట్ రేట్లు బాబాయ్" అంటాను. యాభై ఏళ్లు దగ్గరపడ్డ మనిషిని, పిల్లకాయలు చూసే సినిమాలు చూస్తన్నానని ఎట్లా చెప్పను?

ఒకసారి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చూస్తంటే తుంపర మొదలైంది. నాకు వినపడలా. పట్ట కప్పని రెండు మడులు తడిశాయి. బాబాయే లేపాడు. తెల్లారి వాటిలో సగం తాలు కింద తీసెయ్యాల్సొచ్చింది. మా ఆవిడకి నిద్ర పట్టేసిందని చెప్పా.

ఈ పిచ్చికి మొదలు ఆదిత్య 369. 1991లో వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. సింగీతం వారు బాలకృష్ణని కృష్ణదేవరాయల కాలానికి తీసుకుపోయారు, అక్కడి నుంచి 2504కి కూడా తీసుకుపోయారు. మా ఊరి నుంచి ట్రాక్టరు ట్రక్కులో ఎక్కి పోయి చూశాం. కానీ అది రాజుల సినిమా. వజ్రం, సింహాసనం, వేట. నాకు అంటుకున్న రోగం వేరు. ఇంటి పక్కన మామూలు మనిషి, చేసిన ఒక్క తప్పుని సరిచేసుకోవడానికి ఒక్క రోజు వెనక్కి పోదామనుకునే సినిమాలు. వాటికి రాజులక్కర్లేదు, సెట్టింగులు అక్కర్లేదు. మనిషీ, వాడి తప్పూ ఉంటే సరిపోద్ది.

స్పెయిన్ వాళ్లది టైమ్‌క్రైమ్స్ అని ఒకటుంది, 2007ది. మొత్తం నలుగురే మనుషులు కనపడతారు. ఒకాయన ఇంటి ముందు కుర్చీ వేసుకొని బైనాక్యులర్స్‌తో అడవి వైపు చూస్తంటాడు. చూడకూడనిది చూసి, ఎరక్కపోయి ఇరుక్కుంటాడు. వెనక్కి పోయేది ఎంతో కాదు, కొద్ది గంటలు కూడా కాదు. సరిచేద్దామని పోయిన ప్రతిసారీ ఇంకాస్త లోతుకి దిగుతాడు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

జపాన్ వాళ్లది ఇంకొకటి, 2020లో వచ్చింది. క్యోటోలో నాటకాలేసుకునే ఒక బృందం, ఫోనుతోనే తీశారు. ఒక కాఫీ హోటలు, పైన ఆ హోటలాయన గది. గదిలో ఉన్న తెరకీ, కింద ఉన్న టీవీకీ రెండు నిమిషాల తేడా. అంటే రెండు నిమిషాల తర్వాత ఏం జరుగుద్దో ముందే కనపడుద్ది. రెండంటే రెండే నిమిషాలు. నాకైతే నవ్వాగలా. గుంటూరు యార్డులో వేలం పాడేటప్పుడు ఆ టీవీ మనకుంటే ఏం చేస్తామా అని ఆలోచించా. ఏం చెయ్యం. రెండు నిమిషాల్లో రేటు పడుద్దని తెలిసినా సరుకు లారీ దిగి అక్కడే ఉంది, వెనక్కి తెచ్చుకోలేం. తెలుసుకుని ఏం లాభం?

మన తెలుగులో కూడా ప్లేబ్యాక్ అని 2021లో ఒకటి వచ్చింది. 1993లో ఉన్న అమ్మాయికీ 2019లో ఉన్న అబ్బాయికీ పాత ల్యాండ్‌లైన్ ఫోను కలుస్తది. అది కూడా బాగుంటది, కుదిరితే చూడండి.

కానీ నేను చెప్పాలనుకున్నది ప్రైమర్ గురించి. అమెరికాది, 2004. మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతా, ఫోనులో ఎక్కించి ఇచ్చింది. "నీకు అర్థం కాదు నాన్నా" అంది. మొదటిసారి నిజంగానే అర్థం కాలా. రెండోసారీ కాలా. మూడోసారి పెన్ను తీసుకొని ఖాళీ గోతం మీద గీతలు గీసుకుంటా చూశా.

షేన్ కరూత్ అని ఒక్కడే రాసి, తీసి, నటించి, కోసి, సంగీతం కూడా తనే కొట్టుకున్నాడు. ఖర్చు 7,000 డాలర్లు. ఆనాటి లెక్కన మన డబ్బులో 3 లక్షల చిల్లర. కౌలుతో కలిపితే రెండెకరాల మిర్చికి ఇప్పుడు అంతకంటే ఎక్కువే అయిద్ది. ఆ డబ్బుతో తీసిన సినిమాకి సన్‌డాన్స్ పండగలో పెద్ద బహుమతి ఇచ్చారు.

కథ ఏందంటే ఇద్దరు స్నేహితులు, ఇంజినీర్లు. ఉద్యోగం చేసుకుంటా, ఖాళీ టైములో కారు షెడ్డులో ఏదో పెట్టె తయారు చేస్తంటారు. వాళ్లు చేయబోయింది టైమ్ మెషీన్ కాదు, వస్తువుల బరువు తగ్గించే యంత్రం. అందులో పెట్టిన వస్తువు మీద బూజు పట్టుద్ది. నాలుగైదు రోజుల్లో పట్టాల్సిన దానికంటే ఏళ్లకొద్దీ ఎక్కువ పట్టుద్ది. అక్కడ తెలుస్తది వాళ్లకి, ఆ పెట్టెలో కాలం వేరేగా నడుస్తందని. ఆ బూజు పేరు వినగానే నేను మంచం మీద లేచి కూర్చున్నా. ఆస్పెర్‌జిల్లస్. మన బూజే! కాయ సరిగ్గా ఆరకుండా గోతంలో తొక్కితే పట్టేది, అఫ్లాటాక్సిన్ ఉందని ఎగుమతి సరుకుని వెనక్కి పంపించేది, ఆ జాతి బూజుతోనే. ఇంత పెద్ద సైన్సు సినిమాలో నాకు ముందే తెలిసినది అదొక్కటే.

ఇంకో రెండు విషయాలు నన్ను పట్టుకున్నాయి. ఆ పెట్టెలో వెనక్కి పోవాలంటే, ఎన్ని గంటలు వెనక్కి పోవాలో అన్ని గంటలూ లోపల పడుకొని ఉండాల. ఆరు గంటలకి ఆరు గంటలు. ఊరకే ఏదీ రాదు. రెండోది, యంత్రం ఆన్ చేసిన క్షణం కంటే వెనక్కి పోలేరు. అంటే ఇవాళ నేను మెషీన్ కనిపెట్టినా ఇవాళ్టికే రాగలను. 2024కి పోలేను.

నేను పోవాలనుకునేది 2024కే.

మీకు గుర్తుండే ఉంటది. 2021లో నల్ల తామరపురుగు మన తోటల్ని ఊడ్చేసింది. తర్వాత రెండేళ్లకి రేటు 20,000 దాటి ఆశ పుట్టించింది. 2024 వేసవిలో నా దగ్గర 40 టిక్కీలు తేజ మిగిలింది, 16 క్వింటాళ్లు. కొట్టు నుంచి ఫోనొచ్చింది, 18,500 ఇస్తామని. అమ్మాయి ఫీజు కట్టాల, అమ్మెయ్యమని మా ఆవిడ అప్పటికే వారం నుంచి పోరతా ఉంది. నాకేమో 22,000 అవుద్దని గట్టి నమ్మకం. 18,500 అని చెప్తే ఊరుకోదు. అందుకని "పదహారే అడుగుతన్నారు" అని చెప్పా. సరుకు ఏసీలో పెట్టా. ఆమె గొలుసు బ్యాంకులో పెట్టి ఫీజు కట్టాం.

తర్వాత ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. 2025 మార్చిలో 10,800కి తెగనమ్మా. తేడా లక్షా 23 వేలు. ఏసీ అద్దె వేరే.

ప్రైమర్‌లో ఆ ఇద్దరూ పెట్టెల్ని అద్దె గోదాములో పెట్టుకుంటారు, మన సరుకు ఏసీలో పెట్టినట్టు. మొదట్లో అంతా షేర్ల బేరం. సాయంత్రం రేట్లు తెలుసుకొని, వెనక్కి పోయి పొద్దున కొనుక్కోవడం. అంతవరకు నాకు తమాషాగానే ఉంది. కానీ పోనుపోను ఒకడికి తెలియకుండా ఇంకొకడు చేస్తంటాడు. ఒక చోట ఒకడు జరిగిపోయిన మాటల్ని రికార్డు చేసుకొని, చెవిలో పెట్టుకొని, స్నేహితుడితో అవే మాటలు ఇప్పుడే కొత్తగా మాట్లాడుతున్నట్టు నటిస్తాడు. అక్కడ ఫోను ఆపేశా. ఆ రాత్రి ఇంక చూడలేకపోయా.

ఎందుకంటే మా ఆవిడ సంవత్సరం నుంచి ఒక మాట అంటంది. "ఆ రోజు పదహారు వేలకి ఇచ్చినా బాగుండేదయ్యా" అని. అన్నప్పుడల్లా నేను "అవును, బుద్ధి తక్కువై" అని తల ఊపుతున్నా. మొదటిసారి విన్నట్టు. ఎప్పుడు తల ఊపాలో, ఎక్కడ నిట్టూర్చాలో నాకు తెలుసు. చెవిలో రికార్డు పెట్టుకున్నవాడి లాగే.

మొన్న ఆదివారం కళ్లానికి అన్నం తెచ్చింది. తాలు ఏరతా కూర్చుంది. చెప్పేశా. పదహారు కాదు, పద్దెనిమిదిన్నర అని.

తలెత్తలా. ఇంకో నాలుగు కాయలు ఏరి పక్కనేసింది. "తెలుసు" అంది. "ఆ వారంలోనే గుమస్తా చెప్పాడు, మీ ఆయన పద్దెనిమిదిన్నరకి కూడా ఇవ్వనన్నాడమ్మా అని. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తన్నా."

అంటే పదహారు వేలు, పదహారు వేలు అని సంవత్సరం నుంచి అన్న మాట నాకు వేసిన గాలం. ఆమె చెవిలో కూడా రికార్డు ఉంది. నేనేమో నేనొక్కణ్ణే తెలివిగా నటిస్తన్నాననుకున్నా.

తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. తడిసిన మడుల గురించి కూడా చెప్పా, పనిలో పని. దానికి మాత్రం తిట్టింది, బాబాయికి వినపడేట్టు.

రాత్రి "ఏందా సినిమా, చూపించు" అని పక్కన కూర్చుంది. ప్రైమర్ పెట్టా. షెడ్డులో నలుగురు మగాళ్లు ఏదో గొణుక్కుంటన్నారు, వాళ్ల ఇంగ్లీషు నాకే అందదు. పది నిమిషాలకి నా భుజం మీద నిద్రపోయింది. ఫోను ఆపలేదు, కదిలితే లేస్తదని చివరిదాకా నేనే చూశా. ఇది అయిదోసారి. ఇంకా రెండు చోట్ల లెక్క కుదరటం లేదు.

గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. ఈ కోత డబ్బుతో ముందు అదే విడిపించాల. ఈసారి ఏసీలో పెట్టేది లేదు, ఎంతొస్తే అంతకి. కొట్టువాళ్లు ఫోను చేస్తే స్పీకర్ ఆన్ చేసి ఆమె ముందే మాట్లాడాలని ఆర్డరు వేసింది.

కళ్లం ఇంకో పది రోజులుంది. ఇలాంటి తక్కువ ఖర్చు సినిమాలు మీకేమన్నా తెలిస్తే పేర్లు చెప్పండి. మాటలు కొంచెం తెలుగులో ఉన్నవైతే మేలు, ఇప్పుడు ఇద్దరం చూడాల.