సఫారీకి సన్నాహాలు

‘సఫారీ’ అనే మాట మన ప్రాంతంలో చాలాకాలం ఒక దుస్తుల పేరుగానే చెల్లింది. 1970, 1980 దశకాలలో పెండ్లికొడుకులు, బ్యాంకి మేనేజర్లు, గనుల ఆఫీసర్లు ముచ్చటపడి సఫారీ సూట్లు కుట్టించుకొనేవారు. ఆ సూటు తొడిగినవారిలో అడవిలో అడుగుపెట్టినవారు ఎందరో చెప్పలేము. ఆ మాట తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషది. దానికి ప్రయాణమని అర్థం. స్వాహిలీ వారికి అది అరబ్బీ ‘సఫర్’ నుండి సంక్రమించింది. మన కళాశాలలో ఉర్దూ మాధ్యమపు మిత్రులు నిత్యమూ పలికే ‘సఫర్’ కూడా ఆ చెట్టు కొమ్మయే. దూరదేశపు వేటగాండ్ర మాటయని మనము అనుకొన్నది తీరా చూడగా మన పక్క తరగతి గదిలోని మాటయే అయినది.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనం 1926లో ఏర్పడింది. దాని వైశాల్యం ఇంచుమించు ఇరవై వేల చదరపు కిలోమీటర్లు. సింహాన్ని, ఏనుగును, ఖడ్గమృగాన్ని, అడవి దున్నను, చిరుతను ఒక్క చోటనే చూడవచ్చునని లోకమంతా అక్కడికి తరలిపోతుంది. ఆ దేశము మనకు బొత్తిగా పరాయిది కాదు. 1860లో మద్రాసు నుండి బయలుదేరిన తొలి కూలీల ఓడ డర్బను రేవు చేరింది. తరువాతి యాభై సంవత్సరాలలో వేలాది తెలుగువారు, తమిళులు ఆ దారిన వెళ్ళి నేటాలు చెరకు తోటలలోను, బొగ్గు గనులలోను చెమటోడ్చారు. 1913లో గాంధీజీ పిలుపునందుకొని న్యూకాజిల్ బొగ్గు గనులలోని భారతీయ కార్మికులు పని మాని ట్రాన్స్‌వాలుకు కాలినడకన కదిలారు. బొగ్గు ఊరివారమైన మనకు ఆ ముచ్చట తెలిసి ఉండుట అవసరము.

అయితే ఆఫ్రికా సఫారీకి కావలసిన ధనము గనికార్మికుని బిడ్డకు సులువుగా సమకూరదు. అందుకు చింత పడనవసరం లేదు. గోదావరి వంతెన దాటి, మంచిర్యాల, లక్షెట్టిపేటల మీదుగా జన్నారం చేరుకొంటే కవ్వాల అడవి ఎదురవుతుంది. గోదావరిఖని నుండి నూరు కిలోమీటర్ల లోపే. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల సంరక్షణ కేంద్రమైన ఈ అడవి కోర్ ప్రాంతమే సుమారు 890 చదరపు కిలోమీటర్లు. మేము, అనగా కొందరు అధ్యాపకులము, విద్యార్థినీ విద్యార్థులము కలిసి రెండుసార్లు అక్కడికి వెళ్ళివచ్చాము. క్రూగరుకు వెళ్ళేవాడు చేసుకొనే సన్నాహాలకు, కవ్వాలకు వెళ్ళేవాడు చేసుకొనవలసిన సన్నాహాలకు ఖర్చులో భేదమున్నది గాని సూత్రంలో లేదు. ఆ సూత్రాలను తరువాత వెళ్ళబోయే మిత్రుల కోసం ఇక్కడ ముచ్చటించదలచాము.

మొదటిది కాలనిర్ణయము. దక్షిణాఫ్రికాలో మే నుండి సెప్టెంబరు వరకు పొడి చలికాలం. గడ్డి ఎండి చూపు దూరం సాగుతుంది. నీరు తగ్గి జంతువులు మిగిలిన మడుగుల వద్దకు చేరతాయి. యాత్రికులు ఆ నెలలనే కోరుకొనడానికి కారణమిదే. మన అడవిలో ఇదే సూత్రం ఫిబ్రవరి నుండి మే వరకు వర్తిస్తుంది. టేకు ఆకు రాలి, వాగులు సన్నబడి, దుప్పులు, కణుజులు, అడవి దున్నలు నీటి గుంటల చుట్టూ తిరుగుతాయి. కాని మే నెల ఎండ మన ప్రాంతంలో ఎట్టిదో ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. కనుక ఫిబ్రవరి రెండవ పక్షము మేలని మా అనుభవము. పక్షులపై మక్కువ గలవారికి నవంబరు, డిసెంబరు బాగుంటాయి. వానాకాలంలో పులుల వనాలు సాధారణంగా సందర్శకులకు మూసి ఉంటాయి. రంజాను, పరీక్షలు ఏ వారంలో పడుతున్నవో క్యాలెండరులో ముందే చూసుకొనాలి. సఫారీ జీపు తెల్లవారుజామునే కదులుతుంది; ఉపవాసముతో ఉన్నవానిని ఎండలో తిప్పుట న్యాయము కాదు.

రెండవది ధనము. ఒక్కసారిగా అడిగితే ఏ ఇంటికైనా భారమే. మేము నెలకు నూరు రూపాయల చొప్పున ఐదు నెలలు పొదుపు చేశాము. లెక్క పుస్తకము ఇద్దరు విద్యార్థుల చేతిలో ఉంచి, నెలాఖరున నోటీసు బోర్డుపై జమాఖర్చులు అంటించాము. ఇచ్చుకోలేని ఇద్దరి పాలు మిగిలినవారు పంచుకొన్నారు. ఆ ఇద్దరెవరన్నది లెక్క పుస్తకమునకు తప్ప ఎవరికీ తెలియదు.

మూడవది అనుమతి. ఇదియే అన్నిటికంటె కష్టమైనది. అటవీశాఖ అనుమతికి దరఖాస్తు, గుర్తింపు కార్డులు, రుసుము చాలు. ఇంటి అనుమతి అట్లు కాదు. మొదటి యాత్రకు పేర్లిచ్చిన పదకొండుగురు విద్యార్థినులలో ఏడుగురి ఇండ్లలో వద్దన్నారు. ‘అడవికి ఆడపిల్లలేమిటి?’ అన్నారు. ఇద్దరు అధ్యాపకురాండ్రు వెంట ఉంటారని, రాత్రి బస లేదని, చీకటి పడేసరికి మంచిర్యాల చేరుకొంటామని చెప్పినా వినలేదు. అప్పుడు ఒక విద్యార్థిని మాకు మార్గము చూపింది. ‘మా అబ్బాను కూడా పిలవండి సార్’ అన్నది. ఆయన బాయిలో టింబర్‌మన్‌గా ముప్పై ఏండ్లు పనిచేసి దిగిపోయినవారు. కూతురిని ఒంటరిగా పంపను గాని, తాను వస్తానన్నారు. ఆయన వస్తున్నారని తెలిసి మరి నలుగురు తండ్రులు ఒప్పుకొన్నారు. ఇద్దరు రాలేకపోయారు. ఆ ఇద్దరి పేర్లు మా జాబితాలో కొట్టివేయలేదు. రెండవ యాత్రలో వారే మొదట జీపెక్కారు. కాబట్టి తల్లిదండ్రులకు ఉత్తరము పంపి ఊరకుండక, వారిలో ఇద్దరికి వ్యానులో సీటు ఉంచండి.

నాలుగవది దుస్తులు, సామాను. ఆకుపచ్చ, మట్టి రంగు, ఖాకీ రంగు బట్టలు మేలు. తళతళలాడే తెలుపు, ఎరుపు దూరము నుండియే మన రాకను చాటుతాయి. ఆఫ్రికా వెళ్ళేవారు మరొకటి గమనించాలి. జింబాబ్వే, జాంబియా వంటి దేశాలలో సైనికుల మచ్చల దుస్తులు పౌరులు ధరించుట నేరము. చిన్న విమానాలలో పెట్టెలకు చోటుండదు గనుక మెత్తని సంచులే అనుమతిస్తారు. మనకు వ్యానే గనుక ఆ నియమము లేదు గాని, తలకొక సంచి చాలు. కాలిని పూర్తిగా కప్పే బూట్లు, టోపీ లేదా తువ్వాలు, ఉన్ని స్వెటరు (ఫిబ్రవరి వేకువలో జీపుపై గాలి కోత పెడుతుంది), మనిషికి రెండు లీటర్ల నీరు, ఒక నోటు పుస్తకము ఉండాలి. దూరదర్శిని నలుగురికి ఒకటైనా ఉంటే అడవి రెట్టింపవుతుంది. అత్తరు, సెంటు ఇంటివద్దనే విడిచిరండి. జొన్నరొట్టె, పల్లీల పొడి, ఉడికించిన గ్రుడ్లు అందరికీ సరిపడే భోజనము. తిన్న తరువాత కాగితము ముక్క కూడా అడవిలో మిగలరాదు.

ఐదవది ఆరోగ్యము. దక్షిణాఫ్రికా ఖండభాగంలోని పలు వనాలలో మలేరియా ఉన్నది. వైద్యుని సలహాపై మాత్రలు ప్రయాణమునకు ముందే ప్రారంభించి, తిరిగివచ్చిన తరువాత కూడా కొనసాగించాలి. పచ్చజ్వరమున్న దేశాల మీదుగా వెళ్ళేవారు టీకా వేయించుకొని ధ్రువపత్రము దగ్గర ఉంచుకొనాలి. టీకా వేసిన పది రోజులకు గాని అది చెల్లదు. మన అడవిలో పగటి యాత్రకు పొడుగు చేతుల చొక్కా, దోమల మందు, ఉప్పు చక్కెర పొట్లాలు, కట్టు గుడ్డ సరిపోతాయి. తేనెపట్టు ఉన్న చెట్టు కింద పొగ పెట్టుట, రాయి విసరుట ప్రాణము మీదికి తెచ్చే పని. పాము కరిస్తే కోయుట, పీల్చుట, నాటుమందు పూయుట చేయరాదు. కరిచిన కాలు కదలకుండా ఉంచి తిన్నగా ఆసుపత్రికి తీసికొని వెళ్ళాలి. ఆసుపత్రి ఎక్కడున్నదో, ఎంత దూరమో బయలుదేరక ముందే కాగితముపై వ్రాసి డ్రైవరు వద్ద ఉంచండి.

ఆరవది నడవడి. జీపు దిగరాదు, కేక వేయరాదు, ఫోనులో పాట పెట్టరాదు. చెప్పడానికి ఇది ఒక్క వాక్యమే; పాటించడానికి మాత్రము ఎంతో నిగ్రహము కావాలి. మొదటి యాత్రలో ఒక వాగు ఒడ్డున డ్రైవరు ఇంజను ఆపినప్పుడు మా జీపులో గుసగుసలు ఆగలేదు. ముందు సీటులోని ఆ టింబర్‌మన్ చాచా చేయి పైకెత్తారు. అందరమూ ఊరకున్నాము. ఎక్కడో వెదురు పొదల అవతల దుప్పి ఒకటి హెచ్చరికగా అరిచింది. పైన కొండముచ్చు అందుకొన్నది. గైడు తల తిప్పక ముందే చాచా అటు చూచి ఉన్నారు. ఎట్లా పసిగట్టారని అడిగితే, ‘బాయిల కప్పు కూలే ముందు కట్టె మాట్లాడుతది బేటా. చిటుక్కుమంటది. ఇనెటోడు బతుకుతడు’ అన్నారు. పులి వచ్చినదా లేదా మాకు తెలియదు. దాని జాడ బురదలో ఒకటి చూశాము, అంతే. కాని ఆ పావుగంట నిశ్శబ్దము మాకు దొరికిన పెద్ద పాఠము.

తిరుగుదారిలో ఆయన పొడవైన చెట్లను చూస్తూ చాలాసేపు మాటాడలేదు. ‘ముప్పై ఏండ్లు గిసుంటి కట్టె కిందనే బతికిన. అది చెట్టయి నిలబడితే ఎట్లుంటదో గిప్పుడు చూస్తున్న’ అని మాత్రము అన్నారు. గని కప్పుకు ఊతమైన దుంగ అడవి నుండి వచ్చినదే. ఓపెన్‌కాస్టు తవ్వకము కింది బొగ్గు తీయాలంటే ముందు పైనున్న మట్టి, చెట్టు పోవాలి. మన ఇంటి దీపము, మన కళాశాల ఫీజు ఆ బొగ్గు నుండి వచ్చినవే. ఇందులో ఎవరినీ నిందించనవసరం లేదు. కాని అప్పు ఉన్నదని తెలిసి ఉండాలి.

ఏడవ సన్నాహము ఆ అప్పును గుర్తించుటయే. కవ్వాలలో పులి కనిపించుట అరుదు. చంద్రపూర్ జిల్లా తాడోబా నుండి ప్రాణహిత దాటి, కాగజ్‌నగర్ అడవుల మీదుగా పులులు ఇటు వస్తుంటాయి. చంద్రపూర్ కూడా మనవలె బొగ్గు నేలయే. ఆ దారిలో రైలు పట్టాలు, రహదారులు, కరెంటు తీగల ఉచ్చులు ఉన్నాయి. ఇక ఈ అడవి గోండులు, కోలాములు, నాయకపోడుల పుట్టిల్లు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చినది ఈ నేల హక్కు కొరకే. పులి కొరకు కొన్ని గూడేలు కోర్ ప్రాంతము వదలి వెలుపలికి తరలవలసి వచ్చింది. మనము టిక్కెట్టు కొని చూచే అడవి కొరకు ఒకరు ఇల్లు విడిచారు. కనుక గూడెంలో అడగకుండా ఫోటోలు తీయకండి. ఆ పిల్లలకు బిస్కెట్లు విసరకండి. పెద్దలు కనిపిస్తే నమస్కరించి ఊరి పేరు, చెట్ల పేర్లు అడిగి వ్రాసుకొనండి. మా నోటు పుస్తకాలలో పులి లేదు గాని ఇరవై ఆరు చెట్ల గోండి పేర్లున్నాయి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. ఏటేటా ఇరవై మందిని ఈ అడవికి పంపుటకు బడ్జెటులో చిన్న పద్దు ఒకటి కేటాయించవలెను. అందులో సగము మంది విద్యార్థినులు కావలెను. నాలుగు దూరదర్శినులు కొని గ్రంథాలయములో పుస్తకాలవలె అరువిచ్చే ఏర్పాటు చేయవలెను. విద్యార్థి మిత్రులారా! ఏనాటికైనా మీలో ఒకరు క్రూగరుకో, బోత్స్వానాలోని ఒకవాంగోకో వెళ్ళుదురుగాక. వెళ్ళే ముందు జన్నారం బస్సెక్కండి. ఈ ఏడు ఫిబ్రవరి యాత్రకు పేర్లు గ్రంథాలయములో తీసుకొంటున్నాము. పేరుతోపాటు మీ ఇంటి నుండి ఎవరు వస్తారో కూడా వ్రాయండి.