జనరేటర్ పోయేదాకా ఆగాను

పాత ట్రాక్టర్‌ను 6 వోల్టుల నుంచి 12కు మార్చడం మంచి ఖర్చే. కానీ ఏ ఖర్చుకైనా అదను చూసుకోవాలి.

ఒహాయోలో మాకున్న కొద్దిపాటి పొలానికి కొన్నది 1949 నాటి ఫోర్డ్ 8ఎన్. 1947 నుంచి 1952 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన బండి కాబట్టి సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. మన ఊళ్లలో ట్రాక్టరంటే డీజిలే. కాయిలూ పాయింట్లూ ఉన్న పెట్రోలు ట్రాక్టర్‌ను ఇక్కడికొచ్చాకే చూశాను.

చలి ముదిరితే సెల్ఫ్ మూలిగేది. చూసినవాళ్లంతా 12 వోల్టులకు మార్చెయ్యమన్నారు. జనరేటర్ బదులు బిగించే ఆల్టర్నేటర్ కిట్టూ బ్యాటరీ కలిపి మూడు నాలుగు వందల డాలర్ల మాట.

అంత పెట్టేముందు జబ్బేమిటో తేల్చుకోవాలనుకున్నాను. అదే పనికి 6 వోల్టుల మీద రెట్టింపు కరెంటు పారాలి. అందుకే లావు కేబుళ్లు ఉండాలి, ఎర్త్ గట్టిగా అందాలి. నా బండికి పాత యజమానులెవరో కార్లకు వేసే సన్న కేబుళ్లు తగిలించారు. ఎర్త్ పట్టీ కింద పెయింటూ తుప్పూ. ఇనుము మెరిసేదాకా గీకి, లావు కేబుళ్లు వేశాను. యాభై డాలర్లు కాలేదు. ఆ చలికాలమంతా ఇబ్బంది లేకుండా స్టార్టయింది.

ఆ తర్వాత జనరేటర్ పోయింది. దాన్ని బాగుచేయించి రెగ్యులేటర్ కొత్తది వేస్తే, దాదాపు ఆల్టర్నేటర్ కిట్ ధర అవుతుంది. ఎలాగూ పెట్టక తప్పని డబ్బు. అప్పుడు మార్చాను.

సెల్ఫ్ మోటార్ పాతదే ఉంచాను. 12 వోల్టులకు జోరుగా తిరుగుతుంది. ఎక్కువసేపు నొక్కిపట్టకపోతే తట్టుకుంటుంది. పాయింట్లూ కండెన్సరూ అవే. 8ఎన్‌లో బాడీకి కలిపేది పాజిటివ్. ఆల్టర్నేటర్ ఉంటే బాడీకి నెగటివ్ కలపాలి కనుక బ్యాటరీని తిప్పి, అమ్మీటర్ వైర్లు అటూ ఇటూ మార్చి, బల్బులు కొత్తవి వేశాను. కాయిల్ దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. 6 వోల్టుల కాయిల్‌కు నేరుగా 12 ఇస్తే కరెంటు రెట్టింపై, వేడి నాలుగింతలవుతుంది. అది మాడిపోతుంది, పాయింట్లనూ కాలుస్తుంది. అందుకే 12 వోల్టుల కాయిలే కొన్నాను, కంపెనీ బిగించిన రెసిస్టర్‌ను కదిలించలేదు.

ఇలాంటి బండి మీకుంటే, జనరేటర్ ఛార్జ్ చేస్తున్నంతకాలం కిట్ జోలికి పోకండి. ముందు ఎర్త్ పట్టీ విప్పి చూడండి.