మొదటి స్టేషను దగ్గర కాపురం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అన్నవాళ్ళు అనుభవజ్ఞులే గానీ, ఇల్లు ఎక్కడ కట్టి చూడాలో మాత్రం చెప్పకుండా దాటేశారు. వాళ్ళకా అవసరం లేదు మరి. తాతగారి స్థలం ఎక్కడుంటే ఇల్లక్కడ. పొలం చూసుకు రావాలంటే గట్టుమీద పదినిమిషాల నడక. నాబోటి పట్నవాసికి అలా కాదు. ఆఫీసుకెంత దూరం, బడికెంత దూరం, మంచినీళ్ళకెంత దూరం, ఈ మూడూ తేలితేగాని గోడల రంగుదాకా రాలేడు.

మేముంటున్న వాటా యజమానిగారి అబ్బాయి విదేశం నుంచి తిరిగొస్తున్నాడట. మూణ్ణెల్లలో ఖాళీ చెయ్యమన్నారు. పాపం, మర్యాదగానే అన్నారు. నా ఉద్యోగం హైదరాబాదు పడమటి కొసన రాయదుర్గంలో. మా ఆవిడది సికింద్రాబాదులో ఒక బ్యాంకు. అమ్మాయి అయిదో తరగతి. వీటన్నిటికీ మించి మా అమ్మ. నాన్న పోయాక తణుకులో ఒక్కతే ఉంటోంది. డెబ్భై నాలుగేళ్ళు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. రమ్మన్నప్పుడల్లా చేతిసంచీతో వచ్చి, నాలుగోరోజున తిరుగు టిక్కెట్టు బయటికి తీస్తుంది. "మీ ఊళ్ళో అన్నీ ఉన్నాయిరా, మాట్టాడ్డానికి మనిషే లేడు" అంటుంది. కిందటి చలికాలం పెరట్లో జారిపడి, పక్కింటివాళ్ళు చూసేదాకా గంటసేపు అలాగే ఉండిపోయింది. అంచేత ఈసారి ఇల్లు వెతకటంలో అసలు షరతు ఒక్కటే. అమ్మ తిరుగు టిక్కెట్టు కొనకుండా దిగాలి.

ఒకప్పుడు ఈ ఊళ్ళో ఉద్యోగమే ఇల్లు చూపించేది. 1960లలో రామచంద్రాపురంలో బిహెచ్ఇఎల్ వచ్చింది, పక్కనే టౌన్‌షిప్పూ వచ్చింది. 1967లో ఇసిఐఎల్ పెడితే దాని చుట్టూ కాలనీలు మొలిచాయి. పని ఎక్కడో పడక అక్కడే. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పని పడమటికి నడిచిపోయింది. మధ్యతరగతివాడు భరించగల అద్దెలు మాత్రం దాని వెంట నడవలేదు. మద్రాసువాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు. బీచి నుంచి తాంబరందాకా కరెంటు రైళ్ళు 1931లోనే పడ్డాయి. అక్కడ పట్టాలు ముందు, పేటలు తర్వాత. మన దగ్గర పేటలు ముందు పరిగెత్తాయి, పట్టాలు వెనకాల రొప్పుకుంటూ వచ్చాయి. ఎమ్ఎమ్‌టిఎస్ 2003లో, మెట్రో 2017 నవంబరులో.

ఇళ్ళు చూపించే ఏజెంటుగారి నోట ఒకే ఒక్క అంకె ఉంటుంది. ఇరవై నిమిషాలు. బాచుపల్లి నుంచి మీ ఆఫీసుకెంతసేపండీ? "ఇరవై నిమిషాలు సార్." ఘట్‌కేసర్ నుంచో? "ఔటరెక్కితే ఇరవయ్యే సార్!" ఔటర్ రింగురోడ్డు 158 కిలోమీటర్లు. దానిమీద కారు పోయే వేగం చూస్తే ఆయన అబద్ధం చెబుతున్నాడని అనలేం. ఎక్కటానికీ దిగటానికీ పట్టే కాలం ఆయన లెక్కలోకి రాదు, అంతే. పైగా ఇళ్ళు చూపించేది ఆదివారం పొద్దున. ఆదివారం పొద్దున హైదరాబాదులో కైలాసమైనా ఇరవై నిమిషాలే.

మా ఆవిడ బ్యాంకు మనిషి. పక్కా కాగితం చూడందే సంతకం పెట్టదు. మూడు నియమాలు పెట్టింది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆ వీధిలో బయల్దేరి, ఆఫీసు కుర్చీలో కూర్చునేదాకా గడియారం చూడాలి. నీళ్ళ సంగతి యజమానిని కాదు, వాచ్‌మన్‌ని అడగాలి, అదీ ఎండాకాలంలో రోజుకెన్ని ట్యాంకర్లు వస్తాయని. ఇక మూడోది, గట్టివాన పడ్డ మర్నాడు మళ్ళీ వెళ్ళి చూడాలి.

మూడోది విని నవ్వబోయాను. కానీ ఆలోచిస్తే ఈ నగరంలో చెరువులు చాలావరకు పేర్లలోనే మిగిలాయి. మాసబ్‌ట్యాంకులో ట్యాంకేదీ? 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో ఇరవైనాలుగు సెంటీమీటర్ల వాన కురిసినప్పుడూ, మళ్ళీ 2020 అక్టోబరులో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో నానినప్పుడూ, ఆ పాత చెరువులు తమ అడ్రసులు మర్చిపోలేదని తేలింది. మనమే మర్చిపోయి పునాదులు తవ్వాం.

ఘట్‌కేసర్ వైపు చూసిన ఇల్లు నిజానికి నాకు తెగ నచ్చింది. గుమ్మంలో సన్నజాజి పందిరి. ఇప్పుడిచ్చేదానికంటే తక్కువ అద్దె. సోమవారం పరీక్షలో మాత్రం గంటా నలభై అయిదు నిమిషాలు పట్టింది. రానూపోనూ మూడున్నర గంటలు. నెలకి ఇరవైరెండు పనిరోజులు వేసుకుంటే 77 గంటలు. ఏడాదికి 924. పగలూ రాత్రీ కలిపి ముప్పై ఎనిమిదిన్నర రోజులన్నమాట. అంటే ఏటా నెలకి పైగా రోడ్డుమీదే సంసారం. మా అమ్మాయి పొద్దున ఆరున్నరకి లేస్తుంది, రాత్రి తొమ్మిదికి పడుకుంటుంది. సన్నజాజులు బాగానే ఉంటాయి, దానికి తండ్రి ఆదివారాల చుట్టమవుతాడు.

తర్వాత ఆఫీసుకి దగ్గరగా ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయం చూశాం. ఈతకొలను, వ్యాయామశాల, పిల్లలకి జారుడుబల్లలు, కాపలావాళ్ళ సెల్యూట్లు. నాకు నిజంగానే ఇరవై నిమిషాలు. మా ఆవిడ లెక్క వేసి, "మీ ప్రయాణం తగ్గించి నాది పెంచటమేగా ఇది? పొద్దున్న వండి వెళ్ళేదాన్నీ నేనే, వచ్చి వండేదాన్నీ నేనేనండీ" అంది నెమ్మదిగా. నెమ్మదిగా అన్న మాటకి జవాబుండదు. ఉన్నా చెప్పకపోవటం మంచిది.

అప్పుడే తనో మాట అంది. "అత్తయ్యగారి కోసం ఇల్లు వెతుకుతూ, ఆవిడకి చూపించరేమండీ?" నిజమే. కబురుచేస్తే అమ్మ వచ్చింది, షరా మామూలే, చేతిసంచీతో, తిరుగు టిక్కెట్టుతో. ఆ సముదాయంలోనే పన్నెండో అంతస్తుకి తీసుకెళ్ళాను. లిఫ్టులో కళ్ళు మూసుకుంది. బాల్కనీలోంచి కిందికి చూసి, "ఒరేయ్, కూరగాయలవాడు కేకేస్తే ఇక్కడిదాకా వినబడుతుందా?" అంది. పోయేటప్పుడు వరండా పొడవునా మూసి ఉన్న తలుపుల్ని ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచింది. ఇంకేమీ అనలేదు.

దారి చూపించింది చివరికి మెట్రో పటం. నీలం గీత నాగోలులో మొదలై రాయదుర్గంలో ఆగుతుంది. సికింద్రాబాదు ఈస్టు స్టేషను దారిలోనే. ఇద్దరి ఉద్యోగాలూ ఒకే గీతమీద ఉన్నాయి. పైగా నాగోలు మొదటి స్టేషను. రైలు అక్కడ ఖాళీగా నిలబడుతుంది, కూర్చోవటానికి చోటు దొరుకుతుంది. అమీర్‌పేటలో ఎక్కేవాడికి అది కలలో మాట.

నాగోలులో స్టేషనుకి పన్నెండు నిమిషాల నడకలో దొరికింది, పాతకాలపు మేడలో కింది వాటా. గదులు చిన్నవి. కారు పెట్టుకోవటానికి చోటు లేదు, కనుక కారు కొనాలన్న ఖర్చూ తప్పింది. మూసీ మీంచి గాలి తిరిగిన సాయంత్రం కిటికీలు మూసుకోవాలి, దోమలకి వేరే బడ్జెట్టు రాయాలి. వాన పడ్డ మర్నాడు వెళ్ళి చూశాం, వీధి పొడిగానే ఉంది. బడికి పెద్దరోడ్డు దాటక్కర్లేదు. ఇంటినుంచి కుర్చీకి నాకు గంటా ఇరవై. ఘనమైన ఆదా ఏం కాదుగానీ, కూర్చుని పోయే గంట వేరు, వేళ్ళాడుతూ పోయే గంట వేరు. మొదటి పావుగంట పైచిలుకు మా ఆవిడ పక్కనే ఉంటుంది. పెళ్ళయిన పన్నెండేళ్ళకి రోజూ పక్కపక్కన కూర్చుని, గ్యాసు సంగతి కాకుండా వేరే సంగతి మాట్లాడుకునే యోగం పట్టింది.

ఆ వాటా చూడ్డానికి వెళ్ళినప్పుడు మేం కుళాయిలు తిప్పి చూస్తుంటే అమ్మ కనిపించలేదు. కంగారుగా బయటికొచ్చాను. వీధిలో బండివాడి దగ్గర ఎదురింటావిడతో కలిసి కరివేపాకు కొసరు కోసం పోట్లాడుతోంది. నన్ను చూసి, "ఆవిడది అత్తిలిరా. మన తణుకు పక్కనే. వాళ్ళ కోడలు కూడా ఉద్యోగమేనట, పొద్దుటే పోయి రాత్రికి వస్తుందిట" అంది. పది నిమిషాల్లో రాబట్టిన సమాచారం అది. అడ్వాన్సు ఆరోజే ఇచ్చేశాను.

పాలు పొంగించి మూడు నెలలైంది. ఏడుంబావుకి ఇల్లు చేరుతున్నాను. అమ్మాయి మెలకువగానే ఉంటుంది, నానమ్మ మీద చాడీలు చెబుతుంది. నానమ్మ దానిమీద చెబుతుంది. ఇద్దరికీ తీర్పు చెప్పేసరికి భోజనాల వేళ.

మొన్న రాత్రి మజ్జిగ పోస్తూ అమ్మ అడిగింది. "ఒరేయ్ నాన్నా, ఇక్కడివాళ్ళయితే ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు లేదటగా? ఎదురింటావిడ చెప్పింది. నా ఆధారు కార్డుమీద ఈ అడ్రసు వేయించకూడదూ?"

తెలంగాణ ఆడవాళ్ళకి 2023 డిసెంబరు నుంచి ఆ సదుపాయం ఉన్న మాట నిజమే. మర్నాడే సెలవుచీటీ రాసి, అమ్మ కార్డు పట్టుకుని ఆధారు కేంద్రం దగ్గర వరసలో నిలబడ్డాను. ఎండగా ఉంది, వరస బారెడుంది. ఎందుకో విసుగు రాలేదు. తిరుగు టిక్కెట్టు సంగతి నేను అడగలేదు, ఆవిడా ఎత్తలేదు.