వేళ మార్చే ముందు చెప్పండి

1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలు బాగా తగ్గించేశారు. శ్రోతలు ముల్లు రేడియో సిలోన్ వైపు తిప్పేశారు. అక్కడి తెలుగు వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు తెలుగువాళ్లకి ఇంట్లో మనిషి గొంతైపోయింది. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతి పెట్టి, ఆ పాటల్ని మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. శ్రోతల్ని అడక్కుండా మారిస్తే ఇలాగే అవుతుంది.

మా ఉయ్యూరు వైపు రేడియో అంటే 1948లో మొదలైన విజయవాడ కేంద్రమే. భక్తిరంజని, వార్తలు, పాడిపంటలు. చెరుకు రైతులైనా, వంటింట్లో ఆడవాళ్లైనా వాటిని బట్టే పనులు సర్దుకునేవారు. అందుకే ఏ కేంద్రమైనా ఉన్నట్టుండి కార్యక్రమం వేళ మార్చినా, ఆపేసినా పెద్దవాళ్లకి రోజంతా వెలితిగా ఉంటుంది. యాప్‌లో వెతుక్కుని వినడం వాళ్లలో చాలామందికి చేతకాదు.

కుర్రాళ్ల కోసం కొత్త కార్యక్రమాలు రావాల్సిందే. కానీ మార్పు సంగతి నెల ముందు నుంచీ రేడియోలోనే రోజూ చెప్పండి. శ్రోతల ఉత్తరాలు చదివాకే నిర్ణయించండి. పాతవాటికి ఒక్క పూటైనా ఉంచండి. దశాబ్దాలుగా విన్నవాళ్లకి ఆ మాత్రం మర్యాద దక్కాలి.

మీ ఇంట్లో ఇంకా రేడియో వినే పెద్దలుంటే, వాళ్లకేం కావాలో అడిగి, వాళ్ల తరఫున కేంద్రానికి ఓ ఉత్తరం రాయండి.